పట్టు ఉన్నంత మేర

“నొక్కవే! వీపు నిమరమన్లేదు, నొక్కమన్నాను.”

ఆ మాటకి కొత్త మేడం హాలు గుమ్మంలోనే ఆగిపోయింది. లోపల చెక్క నేల మీద ఒక పొడుగాటి పిల్ల కాళ్ళు చాపుకుని కూర్చుంది. పాదాలకి ఆనించి చెక్కపెట్టె ఒకటి పెట్టారు. వేళ్ళు ఆ పెట్టె అంచుకి తగలాలి, తగలట్లేదు. వెనకనుంచి ఇంకో పిల్ల రెండు అరచేతులూ ఆ వీపు మీద ఆనించి ఒంట్లో బరువంతా వేస్తోంది. కింద పిల్ల మొహం కందగడ్డలా ఉంది. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి గానీ నోట్లోంచి మూలుగన్నది రావట్లేదు.

మేడం చెప్పులు విడిచి గబగబా లోపలికొచ్చింది.

“చెయ్యి తియ్యమ్మా. నెమ్మదిగా. ఒక్కసారిగా వదిలెయ్యకు.”

నొక్కుతున్న పిల్ల బిత్తరపోయి స్టూలు మీదనుంచి కేకలేస్తున్న ఆటల సారు వంక చూసింది. ఆ స్కూల్లో ఆడపిల్లలకి వాలీబాల్ జట్టంటూ ఒకటుందంటే అది ఆయన చలవే. నెట్టు ఆయనే కడతాడు, బంతులకి గాలి ఆయనే కొడతాడు, పిల్లలకి పేర్లు కూడా ఆయనే పెడతాడు. నొక్కుతున్న పిల్ల ‘రబ్బరు’. జట్టుకి కెప్టెను. కింద కూర్చున్న పొడుగు పిల్ల ‘కొయ్య’.

“మీరేనా కొత్తగా వచ్చిన మేడం?” అన్నాడు సారు, లేచి మర్యాదగా. “ఒళ్ళు సాగదీయడం అవీ నేర్పిస్తారట. మంచిది. ఈ కొయ్యని మాత్రం మీరూ సాగదీయలేరు. ఏమే, లే. నువ్వు బంతులందివ్వు.”

కొయ్య లేచింది. తొడ వెనక చెయ్యి అదుముకుంటూ వెళ్ళి గోడవారన బంతుల బుట్ట పక్కన నిలబడింది. అక్కడ నిలబడటం కొత్త కాదన్నట్టు బుట్టలోంచి ఒక బంతి తీసి చొక్కా అంచుతో తుడుస్తూ ఉండిపోయింది.

“అంటే జట్టులో లేనట్టేనా?”

“పెట్టె అందుకోలేని పిల్లని నేను ఆడించను మేడం. ఒకసారి ఆడించాను. పిల్లకి తొడ వెనక కండ చిరిగింది. వాళ్ళమ్మ నన్నేమీ అనలేదు. అనుంటే బాగుండేది.” ఆయన పెట్టెని కాలితో సర్దాడు. “శనివారం మ్యాచి. పొద్దున్న కాసేపు పిల్లల్ని మీకిస్తాను, మీకు తోచింది చేయించుకోండి. జట్టు మాత్రం నాది.”

మొండితనం వెనక ఉన్న భయాన్ని మేడం పసిగట్టింది. అయినా తగ్గలేదు.

“శుక్రవారం ఇంకోసారి చూడండి సార్. పెట్టె దగ్గర కాదు, నెట్టు దగ్గర. అప్పుడూ వద్దంటే నేను మళ్ళీ నోరెత్తను.”

సారు టోపీ తీసి తల గోక్కుని, మళ్ళీ పెట్టుకున్నాడు. “చూద్దాంలెండి” అన్నాడు. ఆయన నోటి వెంట ఆ మాట రావడం అరుదని పిల్లల మొహాలు చూస్తే తెలిసింది.

*

మర్నాడు పొద్దున్న మేడం పిల్లలందర్నీ చాపల మీద పడుకోబెట్టింది. కొయ్యని కూడా. ఆ పిల్ల బుట్ట దగ్గర్నించి కదలకపోతే వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

“ఎవరి ఒళ్ళు బాగా వంగుతుంది?”

“రబ్బరుదే మేడం!” అన్నారంతా ఒకే గొంతుతో.

రబ్బరు అప్పటికే లేచి కూర్చుంది. పిలుస్తారని దానికి తెలుసు. ముందుకొచ్చి వెల్లకిలా పడుకుంటే మేడం దాని కుడికాలు పట్టుకుని పైకెత్తింది. కాలు ఎక్కడా అడ్డు చెప్పకుండా వెళ్ళి మోకాలు చెవిదాకా వచ్చింది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

“ఇప్పుడు నేను వదిలేస్తాను. నువ్వు అక్కడే ఉంచాలి. సరేనా?”

వదిలేసింది. కాలు దబ్బున సగానికి పడిపోయింది. రబ్బరు పళ్ళ బిగువున దాన్ని మళ్ళీ పైకి లేపబోతే అది గిలగిలా వణికింది. వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఒకరు నవ్వాక మిగతావాళ్ళు ఆగుతారా?

తర్వాత కొయ్య వంతు. కాలు ఎత్తితే మేడం నడుం ఎత్తుకి కూడా రాలేదు. అక్కడే గట్టిగా అడ్డుకుంది. మేడం వదిలేసింది. కాలు గేటు కమ్మీలా ఎక్కడిదక్కడే నిలబడింది.

హాల్లో నవ్వులు ఆగిపోయాయి.

“నేను ఎత్తితే వచ్చింది వంపు. దాన్ని ఎవరైనా లాగి తెప్పించొచ్చు. నువ్వు ఆపగలిగింది పట్టు. గాల్లోకి ఎగిరినప్పుడు కాలు పట్టుకోడానికి నేనుండను కదా, అక్కడ నీకు పనికొచ్చేది పట్టున్నంత మేరే. వంపు తక్కువైతే మెల్లగా పెంచుకుందాం. పట్టు తక్కువైతే ముందు అది పెంచుకుందాం. ఎవరికేం కావాలో వాళ్ళ ఒళ్ళే చెబుతుంది.”

కొయ్య చెయ్యెత్తింది. “నాకు పోయినేడు పెట్టె అందేది మేడం. ఇప్పుడు ఎంత వంగినా అందట్లేదు. నేను బద్ధకంగా ఉన్నానంటారు సారు.”

మేడం ఆ పిల్ల పాంటు అంచు చూసింది. అంచు విప్పి కుట్టిన గుర్తులు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. మడమ పైన ఇంకా జానెడు కాలు బయటే ఉంది.

“ఈ అంచులన్నీ ఈ ఏడాదివేనా?”

“అమ్మ విసుక్కుంటోంది మేడం. ఇంక విప్పడానికి గుడ్డ లేదంది.”

“నీ బద్ధకం కాదు. ఎముకలు ముందు పరిగెత్తేశాయి, కండలు వెనక ఆయాసపడుతూ వస్తున్నాయి. వాటికి కాస్త టైమివ్వాలి. వీపు మీదెక్కి తొక్కితే అవి బెదిరి ఇంకా బిగుసుకుపోతాయి.”

తర్వాత పని మొదలుపెట్టింది. గోడ ముందు నిలబడి మడమ లేవకుండా మోకాలిని గోడకి తగిలించడం. గొంతుక్కూర్చుని మడమలు నేలకి అంటించి, వెన్ను నిటారుగా ఉంచి, రెండు చేతులూ పైకెత్తడం. గోడకి వీపు ఆనించి చేతుల్ని గోడ వెంబడే నెమ్మదిగా పైకి జరపడం. ఎవరూ ఎవర్నీ నొక్కకూడదు. ఎక్కడ వణుకు మొదలైతే అక్కడ ఆగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ తమంతట తామే వెనక్కి రావాలి. చూడ్డానికి ఏమంత గొప్పగా లేదుగానీ కాసేపటికల్లా అందరి నుదుళ్ళూ చెమటతో మెరిసిపోయాయి. కొయ్య గొంతుక్కూర్చోబోతే మడమలు లేచి వెనక్కి పడింది. మడమల కింద మడిచిన తువ్వాలు పెడితే కూర్చోగలిగింది. కూర్చుని, చేతులెత్తి, తననెవరో పొగిడినట్టు సిగ్గుపడుతూ నవ్వింది.

గోడ దగ్గర చేతులు జరిపే వంతు వచ్చేసరికి రబ్బరు, “మంచినీళ్ళు తాగొస్తాను మేడం,” అని బయటికెళ్ళింది. మేడం తలూపింది. ఆమె చూపంతా కొయ్య మీదే ఉంది.

*

“కూచోడం, లేవడం నేర్పితే జీతమిస్తున్నారా!” అంది ఆ సాయంత్రం మేడం అత్తగారు. ఆవిడ వంటింటి గుమ్మంలో గొంతుక్కూర్చుని నేలబారు గూట్లోంచి గిన్నెలు తీసి తుడుస్తోంది. కోడలు కాఫీ తాగుతూ పొద్దున జరిగిందంతా చెబుతుంటే ఒక్కో గిన్నె తుడుస్తూ ఊఁ కొడుతోంది. “ఆ మాట నాకు ముందే తెలిస్తే మీ మావయ్యకి లెక్క కట్టి ఇచ్చేదాన్ని.”

కోడలు పడీపడీ నవ్వింది. “మీరు కూచున్నట్టు మా పిల్లలు కూచోలేకపోతున్నారు అత్తయ్యా. కుర్చీలకి అలవాటు పడిపోయారు.”

“సరేగానీ, తర్వాత ఏం చేసింది ఆ పిల్ల?”

“ఏ పిల్ల? కొయ్యా? దానికి ఎంత సంతోషమో…”

“అది కాదమ్మాయ్. కాలు దబ్బున పడ్డ పిల్ల. అందరూ నవ్వారన్నావుగా.”

కోడలు కాఫీ గ్లాసు కింద పెట్టింది. నవ్విన తర్వాత రబ్బరు మొహం ఎలా ఉందో గుర్తు తెచ్చుకోబోయింది. గుర్తు రాలేదు. చూస్తేగా గుర్తుండటానికి!

“మంచినీళ్ళకెళ్ళింది,” అంది.

“ఊఁ,” అంది అత్తగారు. గిన్నె బోర్లించి, చేతులు నేలకానించకుండానే లేచి లోపలికెళ్ళింది.

*

గురువారం మేడం వెళ్ళేసరికి హాలు బయట మెట్ల మీద కొయ్య ఒక్కతే కూర్చునుంది.

“మేడం, నా గురించి సారుతో పోట్లాడకండి. ముందు దాని భుజం చూడండి.”

“దేని భుజం?”

కొయ్య అటూ ఇటూ చూసింది. “రబ్బరుది. స్మాష్ కొట్టినప్పుడు టక్కుమని జారుతుంది. అప్పుడు బాత్రూంలోకెళ్ళి నన్ను చెయ్యి పట్టుకోమంటుంది. అదే మెలితిప్పుకుని ఎక్కించుకుంటుంది. మొదట్లో ఎప్పుడో ఒకసారి. ఇప్పుడు చొక్కా తొడుక్కున్నా జారుతోంది. ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకుంది.” లేచి నిలబడింది. “నిన్న అది నీళ్ళకి వెళ్ళలేదు మేడం. గోడ దగ్గర చేతులెత్తడం దానివల్ల కాదు.”

నిన్న చాప మీద గెలిచానన్న మేడం ముచ్చట ఒక్కసారిగా చేదెక్కింది. బిగుసుకున్న పిల్ల కోసం సారు మీద కత్తులు నూరుతూ, జారిపోతున్న పిల్లని పదిమందిలో నవ్వులపాలు చేసింది. కొయ్య తల నిమిరి లోపలికెళ్ళింది. తప్పు తెలిసిన చోటే దిద్దుకోవాలి, ఇంకో చోటు వెతుక్కుంటే కుదరదు.

రబ్బరు రాగానే పక్కకి పిలిచింది. “నిన్న నీ కాలు వదిలి అందరూ నవ్వేలా చేశాను. నా వల్ల పొరపాటైంది. చెప్పి చెయ్యాల్సింది.”

రబ్బరు ఆశ్చర్యంగా చూసింది. పెద్దవాళ్ళు అలా మాట్లాడటం దానికి అలవాటు లేదు.

“ఇప్పుడు నీ కుడిచెయ్యి పక్కకెత్తు. మోచెయ్యి వంచి అరచెయ్యి నెమ్మదిగా వెనక్కి తీసుకెళ్ళు. స్మాష్‌కి సిద్ధమైనట్టు.”

చెయ్యి సగం దాకా వెళ్ళి ఆగిపోయింది. రబ్బరు కళ్ళలో మెరుపులా భయం కదిలింది. ఎడమచెయ్యి దానంతటదే వెళ్ళి కుడిభుజాన్ని పట్టుకుంది.

“ఎవరు చెప్పారు మీకు?”

“నీ ఎడమచెయ్యే చెప్పింది ఇప్పుడు.”

“నాకేం లేదు.” వెనక్కి జరిగింది. “మీకు కొయ్య కావాలి. వచ్చిన రోజునుంచీ అంతే. దాన్ని ఎక్కించడానికి నన్ను దించుతున్నారు. చెప్పండి, సారుతో చెప్పుకోండి!”

ఆ మాట సరాసరి వచ్చి గుచ్చుకుంది. బయటినుంచి చూసేవాళ్ళకి అలాగే ఉంటుంది మరి. మేడం ఒక్క క్షణం ఆలోచించింది. రెండ్రోజులాగి, మ్యాచి అయిపోయాక చెబితే తనని వేలెత్తి చూపేవాళ్ళు ఉండరు. ఆ రెండ్రోజుల్లోనే ఆ భుజం ఇంకెన్నిసార్లు జారుతుందో!

“అవును, చెబుతాను. నీ ముందే చెబుతాను, రా,” అంది.

సారు నెట్టు తాడు బిగిస్తున్నాడు. విన్నంతసేపు తాడు వదల్లేదు. విన్నాక మొహం ఎర్రబడింది.

“మీరొచ్చి ఎన్నాళ్ళైందని మేడం? అప్పుడే నా కెప్టెన్ని దించేశారా? ఈ పిల్ల ఒళ్ళు వెన్న. ఇలాంటి పిల్ల నాకు మళ్ళీ దొరకదు.”

“మీరే చూడండి సార్. నేను ముట్టుకోను. భుజం ముందువైపు మీ అరచెయ్యి ఆనించి ఉంచండి. ఆ పిల్లనే నెమ్మదిగా ఎత్తనివ్వండి. ఎక్కడ వద్దంటే అక్కడ ఆపండి.”

ఆయన విసురుగా వచ్చి చెయ్యి ఆనించాడు. రబ్బరు పెదాలు బిగపట్టి చెయ్యెత్తింది. సగం దాకా వెళ్ళేసరికి సారు అరచేతి కింద ఏదో మెత్తగా ముందుకి జరిగింది. ఆయన చటుక్కున రెండో చేత్తో ఆ మోచెయ్యి పట్టుకుని, పసిపిల్లని దించినట్టు కిందికి దించాడు.

ఆ మోచెయ్యి వదలకుండానే సారు ఆ పిల్ల మొహంలోకి చూశాడు.

“ఎప్పట్నించి?”

“వెనకనుంచి రెండు చేతులూ పట్టుకుని లాగేవారు కదా సార్, ఎంత వంగుతానో చూపించడానికి. ఆ తర్వాతనుంచి…” రబ్బరు ఏడుపు ఆపుకోలేకపోయింది. “మీకు చెబితే తీసేస్తారని…”

సారు టోపీ తీసి చేతిలో నలిపాడు. వంగే పిల్లకి ఏమీ కాదనుకున్నాడు ఆయన. వంగని పిల్లల గురించే భయపడ్డాడు ఇన్నాళ్ళూ.

“తియ్యను,” అన్నాడు. “మీ నాన్న ఇంట్లో ఉన్నాడా ఇప్పుడు? పద, ఆయన్ని తీసుకుని ఎముకల డాక్టరు దగ్గరికెళ్దాం. మేడం, ఇవాళ పిల్లలందర్నీ మీరే చూసుకోండి.”

*

డాక్టరు చెయ్యి మెడకి వేలాడగట్టి, కొన్ని వారాలు ఆట మాట ఎత్తొద్దన్నాడట. ఆపరేషను అవసరం ఉండకపోవచ్చనీ, ఒళ్ళు సాగదీసే పన్లన్నీ మానేసి భుజం చుట్టూ కండకి బలం పెంచుకోవాలనీ చెప్పాడట. శుక్రవారం సారే వచ్చి ఇదంతా చెప్పాడు. చెప్పి, నెట్టు దగ్గర నిలబడి, “కొయ్యా, ఇలా రా. బ్లాక్‌కి లే,” అన్నాడు.

కొయ్య కదల్లేదు. “నేను ఆడను సార్. దాని చోట్లో నేను ఆడను.”

సారు మేడం వంక చూశాడు. మేడం నోరు తెరిచేలోపే గుమ్మం దగ్గర్నించి ఇంకో గొంతు వినిపించింది.

“అది నా చోటని ఎవరన్నారే నీకు?”

రబ్బరు. తెల్లటి గుడ్డపట్టీలో చెయ్యి, కళ్ళ కింద వాపు. వద్దన్నా వినకుండా వచ్చినట్టుంది, వెనక వాళ్ళ నాన్న గుమ్మం బయటే ఇబ్బందిగా నిలబడ్డాడు.

“నేను స్మాష్ కొట్టేదాన్ని. నువ్వు బ్లాక్ చేసేదానివి. నా చోటు నా దగ్గరే ఉంది, వచ్చి తీసుకుంటాను. నువ్వు నీ చోట్లో ఆడు.” ఆగి, గొంతు తగ్గించి, “ఒట్టు తప్పావుగా. ఇంక ఈ మాటన్నా విను,” అంది.

కొయ్య ఏడవాలో నవ్వాలో తెలీనట్టు దాని వంక చూసి, నెట్టు దగ్గరికెళ్ళింది. అవతలనుంచి సారే స్వయంగా బంతి కొట్టాడు. కొయ్య ఎగిరింది. వంగని ఆ ఒళ్ళు నిట్టనిలువుగా లేచింది. నెట్టు పైన మోచేతుల దాకా చేతులు కనిపించాయి. బంతి సారు కాళ్ళ దగ్గరే పడింది. ఆయన ఇంకోటి కొట్టాడు. అదీ అంతే. మూడోది కొట్టకుండా బంతి చంకలో పెట్టుకుని, “సరే,” అన్నాడు.

శనివారం వేరే స్కూలు ఆవరణలో మ్యాచి. అవతలి జట్టు పిల్లలు నేల మీద కాళ్ళు బార్లా చాపి, ఒకరి వీపు మీద ఒకరు వాలుతూ వంగుతుంటే గోడ మీద కూర్చున్న జనం ఈలలేశారు. ఇవతల మేడం పిల్లలు నడుస్తూ మోకాళ్ళెత్తి, నెమ్మదిగా చేతులు తిప్పి, గొంతుక్కూర్చుని లేచి, చిన్న చిన్న గెంతులు గెంతి, తర్వాత పెద్దవి గెంతారు. “ఏంట్రా ఇది, కొంగల పెళ్ళా?” అన్నాడెవడో. పిల్లలకి నవ్వొచ్చింది. నవ్వుకుంటూనే చేశారు.

మొదటి సెట్టు పోయింది. అలవాటైన స్మాష్ లేక జట్టు తడబడింది. రెండో సెట్టులో కొయ్య ఎగిరిన ప్రతిసారీ బంతి ఆగుతోంది గానీ, దిగాక మళ్ళీ ఎగరడానికి ఆలస్యమవుతోంది. ఎందుకో మేడంకీ అంతుపట్టలేదు. ఆమె కొయ్య చేతులు చూస్తోంది, సారు బంతి చూస్తున్నాడు.

సారు టైమవుట్ అడగ్గానే రబ్బరు బెంచీ మీంచి లేచొచ్చింది.

“ఒసేయ్, నువ్వు దిగేటప్పుడు మోకాళ్ళు రెండూ లోపలికి పోతున్నాయి. ఒకదానికొకటి గుద్దుకుంటున్నాయి. నువ్వు చేతులే చూసుకుంటున్నావు. పాదం మొత్తం ఆనించి, మోకాళ్ళు వేళ్ళ వైపే ఉంచి దిగు. గొంతుక్కూర్చునేటప్పుడు చేస్తావే, అలా. అప్పుడు వెంటనే లేవగలవు.”

కొయ్య అక్కడే ఒకసారి ఉత్తినే ఎగిరి దిగింది.

“ఇంకా కొంచెం బయటికి. ఆఁ. అదీ.”

సారు మేడం వైపు వంగాడు. “మీరు చెప్పారా దానికి?”

“లేదు సార్. నేను చూడనేలేదు. ఆ పిల్లే చూసింది.”

విజిలు మోగింది. కొయ్య ఎగిరింది, దిగింది, దిగీ దిగగానే మళ్ళీ ఎగిరింది. అవతలి పిల్ల మళ్ళీ తోసిన బంతి ఆ చేతులకి తగిలి వాళ్ళ మధ్యలోనే పడింది. ఇవతల బెంచీ అంతా లేచి అరిచింది. ఆ సెట్టు వచ్చింది. ఆఖరి సెట్టు గింజుకుని గింజుకుని చివర్లో వచ్చింది.

అందరూ ఒకర్నొకరు వాటేసుకుంటుంటే రబ్బరు మాత్రం తన కుడిచేతికి దెబ్బ తగలకుండా పక్కకి తప్పుకుని నిలబడింది. అవతలి జట్టు కోచి చేతులు కలపడానికొచ్చి, “కట్టు కట్టుకున్న ఆ అమ్మాయెవరండీ? ఇందాకట్నించి ఒకటే అరుస్తోంది,” అని అడిగాడు.

“మా కెప్టెను,” అన్నాడు సారు.

రబ్బరు విననట్టే నిలబడింది. తర్వాత ఎడమచేత్తో నీళ్ళ సీసాలు ఒక్కొక్కటే అందుకుని పిల్లలకి ఇస్తూ, కొయ్య దగ్గరికొచ్చేసరికి, “రెండో సెట్టులో మూడు బంతులు వదిలేశావు. సోమవారం మాట్లాడుకుందాం,” అంది.